పనిముట్టుకు ముందు ప్రమాణము

విజయవాడ, సూర్యాపేట, నల్లగొండ వైపుల నుండియు, నాగార్జునసాగరము వైపు నుండియు వచ్చు గ్రామీణులకు హైదరాబాదు నగరపు తూర్పు వాకిలి ఎల్.బి. నగర్. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఈ కూడలి వద్ద బస్సు దిగి, నగరము లోనికి నాలుగు కిలోమీటర్లు పోయినచో దిల్‌సుఖ్‌నగర్ వచ్చును. 2018వ సంవత్సరము సెప్టెంబరు నెల నుండి ఈ దారిలో మెట్రో రైలు కూడ నడుచుచున్నది. పెండ్లి చీరలు కొనువారు, పిల్లలను శిక్షణ తరగతులలో చేర్పించువారు, ఇంటి సామగ్రి వెదకువారు, ఎందరో ఈ బజారులలో తిరుగుదురు.

దుకాణములో ఒక వస్తువును చూచినపుడు మనము ధర అడుగుదుము, గట్టిదనము చూతుము, రంగు చూతుము. కాని ఆ వస్తువు అట్లే ఎందుకున్నది, మరొక విధముగా ఎందుకు లేదు అని అడుగము. పిడి అంత పొడవే ఎందుకు? బరువు అంతే ఎందుకు? ఇనుముతో ఎందుకు చేసిరి, కొయ్యతో ఎందుకు చేయలేదు? ఎవరో ఒకరు, ఎక్కడనో, వస్తువు తయారు కాకమునుపే ఈ సంగతులను నిర్ణయించియుందురు. అది ఏ పని చేయవలెను, ఎంతవరకు చేయవలెను, ఎవరి చేతిలో పని చేయవలెను అను ఈ నిర్ణయములనే నిర్మాణ ప్రమాణములందురు. కంసాలి బంగారమును గీటురాయిపై గీసి చూచినట్లు తయారైన వస్తువును వీనిపై గీసి చూడవలెను. భేదమేమనగా, బంగారము చేతికి వచ్చిన పిదప గీటురాయి అవసరమగును. ఈ ప్రమాణములు వస్తువు పుట్టకముందే సిద్ధముగా ఉండవలెను.

మన పల్లెలకు ఇది క్రొత్త విద్య కాదు. నేల చల్కయా, నల్లరేగడియా, ఎడ్లు ఎంతటివి, రైతు పొడగరియా, పొట్టివాడా అని నాగలి చేయు వడ్రంగికి తెలియును, తెలియనిచో అడుగును. నాగలి సరిగా దిగని యెడల మరునాడే రైతు దానిని భుజాన వేసికొని వడ్రంగి వాకిట నిలుచును. చేయువాడును, వాడువాడును ఒకే ఊరివారగుటచే ప్రమాణములను కాగితముపై పెట్టవలసిన పని లేకపోయెను.

నేడట్లు కాదు. వస్తువును వాడువారు ఒక ఊర, దాని నమూనా గీయు ఇంజనీరు మరియొక ఊర, తయారుచేయు కర్మాగారము వేరొక ఊర, సొమ్ము మంజూరు చేయు అధికారి ఇంకొక ఊర ఉందురు. ప్రతివాని మనసులో ఒక్కొక్క బొమ్మ ఉండును. ఇంజనీరునకు యంత్రపు వేగము ముఖ్యము, వర్తకునకు వెల ముఖ్యము, అధికారికి లెక్క ముఖ్యము. అందరును మంచివారే, అందరును శ్రమించినవారే. అయినను వినాయకుని చేయబోయిన కోతి అయినదను సామెత నిజమగుచుండును. మన పంచాయతీ ఆవరణలలోను, సంఘ భవనముల మూలలలోను త్రుప్పు పట్టి పడియున్న పరికరములను చూచినవారికి మేమీ మాట వివరించి చెప్పనక్కరలేదు. పలువురు కలిసి ఒక వస్తువును నిర్మించునపుడు, అది ఎవరి కొరకో వారి కష్టమే ప్రమాణముగా మారవలెను. ఆ మార్పు ఎట్లు జరుగునో చూపు ఉదాహరణములు దూరదేశములలో వెదకనక్కరలేదు. ఎల్.బి. నగర్ నుండి బయలుదేరు మూడు దారుల వెంట పోయినచో మూడు వస్తువుల కథ దొరకును.

పోచంపల్లి దారి

విజయవాడ రహదారి పట్టి హయత్‌నగర్ దాటి, ముందునకు పోయి ఎడమకు మరలినచో భూదాన్ పోచంపల్లి చేరుదుము. 1951వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన ఆచార్య వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు దానమిచ్చిన ఊరది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణముల అలమరలలో పోచంపల్లి చీరలుగా కనబడునవి ఆ ఊరను, దాని చుట్టుపట్ల చేనేత పల్లెలలోను చిటికి కట్టి నేసినట్టివి.

ఈ నేతలో బట్ట నేసిన తరువాత అద్దకము వేయరు. నూలుకే ముందుగా రంగులు వేసి, ఆ రంగులు మగ్గముపై తమ తమ చోటులకు వచ్చి పూవుగానో, చిలుకగానో కూడుకొనునట్లు నేయుదురు. ఇందు కొరకు పేక నూలును ఆసు అను చట్రముపై పోయవలెను. చట్రమునకు ఒక ప్రక్క ఒక మేకు, దానికెదురుగా అర్ధచంద్రాకారముగా మేకుల వరుస ఉండును. పోగును చేత పట్టి, ఈ మేకు నుండి ఎదుటి మేకు చుట్టును త్రిప్పి, మరల మొదటి మేకునకు తేవలెను. ఒక్కొక్క మేకునకు ఇన్ని చుట్లని లెక్క తప్పక, వరుస అంతయు పూర్తి చేయవలెను. ఇట్లు పోసిన నూలుపై నమూనా గుర్తులు పెట్టి, రంగు తగులరాని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుదురు. ఈ కట్టుటయే చిటికి.

ఒక్క చీరకు ఆసు పోయుటకు చేయి సుమారు 9,000 సార్లు ముందుకును వెనుకకును పోవలెను. అది నాలుగైదు గంటల పని. దినమునకు రెండు చీరల నూలు పోసినచో చేయి 18,000 సార్లు ఆడవలసియుండును. ఈ పని తరతరములుగా ఇంటి ఆడువారిపై పడినది. వంట, పిల్లలు, నీళ్ళు అన్నియు చూచుకొని వారు ఆసు ముందు కూర్చుందురు. భుజము పట్టును, మోచేయి లాగును, సన్నని పట్టు పోగును చూచి చూచి కన్నులు మసకబారును. నొప్పి కారణముగా ఈ వృత్తిలోనికి పిల్లనిచ్చుటకు వెనుదీయు తల్లిదండ్రులు కూడ కలరు.

ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు తమ తల్లి లక్ష్మిగారు ఈ నొప్పిని అనుభవించుట చూచుచు పెరిగిరి. వారికి పెద్ద చదువు లేదు. బడి చిన్న తరగతులలోనే ఆగిపోయినది. ఆసు పోయుటకు యంత్రము చేయవలెనని 1992లో పూనుకొనిరి. అది 1999లో పూర్తి అయినది. ఏడేండ్లు పట్టిన ఈ పని మన ప్రస్తుత విషయమునకు గొప్ప పాఠ్యము.

అమ్మకు చేయి నొప్పి తగ్గవలెననుట ఒక కోరిక. కోరికతో యంత్రము తయారు కాదు. దానిని విడదీసి చూచినచో ఆసు యంత్రమేదైనను తప్పక చేయవలసిన పనులు కొన్ని బయటపడును. పోగు మేకు చుట్టును తిరిగి వెనుకకు రావలెను. ఒక్కొక్క మేకునకు చుట్లు లెక్క ప్రకారము పడవలెను. ఒక చుట్టు తక్కువైనను, ఎక్కువైనను మగ్గముపై పూవు చెదరును. పోగు బిగువు అంతటను సమముగా ఉండవలెను. వదులైనచో నమూనా జరుగును, బిగిసినచో పట్టు తెగును. ఒక మేకు పూర్తి కాగానే యంత్రము తనంత తానే ప్రక్క మేకునకు పోవలెను. నేతకాని ఇంటిలో పట్టవలెను. ఆ ఇంటి స్త్రీయే దానిని నడుపగలుగవలెను. ఇంతయు అయిన పిదప, చేతితో పోసిన నూలునకును దీనికిని నేతగాడు భేదము కనుగొనలేకపోవలెను. ఇవి నేత ఎరిగిన ఇంటిలో పుట్టిన ప్రమాణములు. బయటి నుండి వచ్చిన నిపుణుడు దినమునకు ఎన్ని చీరలని మొదట అడిగియుండును. అప్పుడు యంత్రము పెద్దదై, ఒక షెడ్డులోనికి పోయి, ఇంటి స్త్రీకి నొప్పితో పాటు పని కూడ పోయియుండెడిదని మా అనుమానము.

మల్లేశంగారు కొయ్య చట్రముతో మొదలుపెట్టి ఒక్కొక్క కదలికనే సాధించుచు వచ్చిరి. మేకు చుట్టును పోగును త్రిప్పు కదలిక మాత్రము చిక్కలేదు. అప్పులు పెరిగెను, ఊరివారు నవ్విరి. జీవనము కొరకు హైదరాబాదు వచ్చి పని చేయుచు, సంపాదించిన దానిలో కొంత మరల యంత్రమునకే పెట్టిరి. ఒకనాడు బాలానగర్ పారిశ్రామికవాడలో వేరొక పనికై వాడు యంత్రమొకటి కదలు తీరు చూచి, తమకు కావలసినది అదేయని గ్రహించిరి. ఏమి కావలెనో అంత స్పష్టముగా తెలిసియుండుటచేతనే పరాయి యంత్రములో దానిని గుర్తింపగలిగిరి. ఏడేండ్లలో చట్రములు మారినవి, మరలు మారినవి. తల్లి భుజము వద్ద పెట్టిన ప్రమాణము మారలేదు.

యంత్రము తిరిగినంత మాత్రమున పరీక్ష పూర్తి కాలేదు. దానిపై పోసిన నూలును తోటి నేతగాడు మగ్గముపై నేసి చూచి దోషము లేదనిన తరువాతనే అది ఆసు యంత్రమైనది. తల్లి పేర దానికి లక్ష్మీ ఆసు యంత్రమను పేరు వచ్చినది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. తరువాతి కాలమున మల్లేశంగారు ఎలక్ట్రానిక్ నియంత్రణను నేర్చి యంత్రమునకు చేర్చిరి. హైదరాబాదులో విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశంగారు నడుపు పల్లె సృజన సంస్థయు, జాతీయ నవకల్పన ప్రతిష్ఠానమును ఈ యంత్రమును లోకమునకు తెలియజేయుటలో తోడ్పడినవి. 2017లో భారత ప్రభుత్వము మల్లేశంగారిని పద్మశ్రీతో గౌరవించెను. ఒంటరివాని విజయముగా దీనిని చెప్పుకొనుట వాడుకయైనది. కష్టమును చూపిన తల్లి, నూలును పరీక్షించిన నేతగాడు, వ్యాప్తికి నిలిచిన సంస్థలు ఇందు భాగస్వాములు కారా?

కంచన్‌బాగ్ దారి

ఎల్.బి. నగర్ నుండి పడమటగా కర్మన్‌ఘాట్ మీదుగా పోవు దారి కొద్ది కిలోమీటర్లలో కంచన్‌బాగ్ చేర్చును. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన క్షిపణి, లోహ ప్రయోగశాలలు అచటనే కలవు. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారు 1982లో ఇచటి క్షిపణి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చిరి. 1989 మే 22న తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణి వీరి నాయకత్వమున రూపొందినదే. క్షిపణికి ఒక ముఖ్య ప్రమాణము తేలికదనము. ఎంత బరువు తగ్గినచో అంత దూరము పోవును. ఇందుకై తేలికయు, దృఢమును అయిన క్రొత్త పదార్థములను శాస్త్రజ్ఞులు తయారుచేసిరి.

పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్ ఆసుపత్రికి చెందిన ఎముకల వైద్యులొకరు ఈ ప్రయోగశాలకు వచ్చి, అట్టి పదార్థము నొకదానిని చేత ఎత్తి చూచి, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడి, కలాంగారిని తమ ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అచట పోలియో సోకిన చిన్నపిల్లలు మూడు కిలోలకు మించిన ఇనుప కాలిపట్టీలు తగిలించుకొని కాళ్ళీడ్చుచుండిరి. ఈ వృత్తాంతమును కలాంగారు తమ ప్రసంగములలో అనేక పర్యాయములు చెప్పిరి. మూడు వారములలో సుమారు 300 గ్రాముల పట్టీలు తయారై పిల్లల కాళ్ళకు చేరినవని వారి మాట. ఆ పిల్లలు పరుగెత్తుట చూచి తల్లిదండ్రులు కంట నీరు పెట్టుకొనిరట. క్షిపణి విజయముల కంటె ఇది తమకెక్కువ ఆనందమిచ్చినదని కూడ వారు చెప్పుచుండిరి.

ఇచట జరిగిన దానిని కొంచెము తరచి చూతము. అయిదేండ్ల బిడ్డ బరువు పదునారు, పదునెనిమిది కిలోలుండును. మూడు కిలోల పట్టీ అనగా ఆ బిడ్డ తన బరువులో ఆరవ వంతును ఒక్క కాలికి కట్టుకొని నడచుట. బలమైన కాలికే అది భారము. చచ్చుబడిన కాలి మాట చెప్పనేల? పాత పట్టీలను చేసినవారు నిర్దయులు కారు. వారు పెట్టుకొన్న ప్రమాణము పట్టీ విరుగరాదను ఒక్కటే. ఇనుము విరుగదు. బిడ్డ మోయగలుగవలెనను రెండవ ప్రమాణమును వైద్యుడు తెచ్చెను. రెండింటిని ఒకే వస్తువులో ఇముడ్చు పదార్థము ఇంజనీరు వద్ద ఉండెను. ఇద్దరును కలియకున్న, ఆ పదార్థము క్షిపణిలోనే ఉండెడిది, బిడ్డ ఇనుమునే ఈడ్చుచుండెడిది.

ఈ పట్టీ పనిచేయు తీరు కూడ తెలిసికొనదగినది. తొడ కండరము బలహీనమైనపుడు అడుగు వేయగానే మోకాలు ముందునకు ముడుచుకొని బిడ్డ కూలబడును. అడుగు నేల నానినపుడు నేల కూడ పాదమును పైకి త్రోయును. మడమ వద్ద కదలకుండ బిగించిన పట్టీ ఆ త్రోపును మోకాలి క్రింద, ముంగాలి ముందు భాగమునకు తెచ్చి, మోకాలిని వెనుకకు నెట్టి నిలబెట్టును. నేల ఇచ్చు బలమే కాలికి బలమగును. ఇందు మొత్తము కాలిని ఇనుప కమ్ములలో బంధింప నక్కరలేదు.

జయపూరులో 1968 ప్రాంతమున డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీగారును, శిల్పకారుడు రామచంద్ర శర్మగారును కలిసి చేసిన జయపూరు పాదము కూడ ఈ కోవలోనిదే. విదేశపు కృత్రిమ పాదము బూటు తొడిగి కుర్చీలో కూర్చుండు వారి కొరకు చేయబడినది. మనవాడు నేలపై బాసికపట్టు వేయును, గొంతుకూర్చుండును, వట్టికాళ్ళతో పొలము గట్టుపై నడచును, బురదలో దిగును. ఈ నాలుగు సంగతులను ప్రమాణములుగా వ్రాసికొనినచో ఆ విదేశపు పాదము నాలుగింటను తప్పును.

మన దేశములో పోలియో చివరి కేసు 2011 జనవరి 13న నమోదైనది. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో రహితమని ప్రకటింపబడినది.

సాగరు దారి

మూడవ దారి ఇబ్రహీంపట్నము, యాచారము, మాల్ మీదుగా నాగార్జునసాగరము వైపు పోవును. ఈ దారి పొడుగునను, దేశమంతటను పల్లెలలో కనబడు వస్తువు చేతి పంపు. మనవారు దీనిని బోరింగు అందురు. పట్టణపు నిపుణులకు ఇది సామాన్య వస్తువు. మా దృష్టిలో ఇది గత శతాబ్దపు ఉత్తమ యంత్రములలో నొకటి.

1960ల చివర కరవు కాలమున రాతినేలలలో లోతైన బోర్లు వేయుట విస్తరించెను. వానిపై బిగించిన పోత ఇనుప పంపులు విదేశములలో ఒక కుటుంబము వాడుకకై చేసిన వాని నకళ్ళు. ఒక ఇంటివారు దినమునకు పది బిందెలు కొట్టుకొను పంపును ఊరంతయు తెల్లవారుజాము నుండి రాత్రి వరకు కొట్టినచో ఏమగును? పంపులు గుంపులుగా చెడిపోయెను. 1970ల మధ్య జరిపిన పరిశీలనలలో చాల భాగము పని చేయుట లేదని తేలెను. చెడినది పంపు కాదు, దాని ప్రమాణము. కుటుంబము కొరకను మాట ఊరు కొరకని మారవలసియుండెను.

మహారాష్ట్రలో కొందరు స్వచ్ఛంద సేవకులును, మెకానిక్కులును అప్పటికే ఉక్కుతో గట్టి పంపులు చేసి చూచియుండిరి. షోలాపూరు పంపు వానిలో పేరెన్నికగన్నది. యూనిసెఫ్, కేంద్ర ప్రభుత్వము, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారము చేయి కలిపి, ఆ అనుభవమును ఆధారముగా చేసికొని ఇండియా మార్క్-2 పంపును రూపొందించి, కోయంబత్తూరు ప్రాంతపు బోర్లపై పరీక్షించిరి. దినమంతయు ఊరు వాడినను నిలువవలెను. స్త్రీలు, పిల్లలు కొట్టగలుగవలెను. మన దేశపు సాధారణ కర్మాగారములలో తయారు కావలెను. వెల అందుబాటులో ఉండవలెను. పిడికి గొలుసు కట్టుటచే కడ్డీ వంగక నిలువుగా లేచును. 1979లో దీనికి భారతీయ ప్రమాణము, ఐ.ఎస్. 9301, వెలువడెను. ఏ కర్మాగారములో చేసిన భాగమైనను ఏ ఊరి పంపునకైనను సరిపోవుట దీని ఫలము.

అయినను వాడుకలో మరియొక లోటు బయటపడెను. లోపలి తోలు వాషరు మార్చుటకు గొట్టములన్నియు పైకి తీయవలసివచ్చెడిది; అందుకు మెకానిక్కుల బృందము బండితో రావలెను. వారు వచ్చువరకు ఊరు ఎదురు చూడవలెను. కావున ఊరివారే బాగుచేసికొనగలుగవలెనను క్రొత్త ప్రమాణమును చేర్చి మార్క్-3 చేసిరి. ఇందు గొట్టము వెడల్పయినది. వెడల్పగుటచే లోపలి ముషలకమును పై నుండియే బయటకు తీయవచ్చును. గొట్టము వెల మాత్రము పెరిగినది. ఒక ప్రమాణమును చేర్చినపుడు మరియొకటి కొంత వంగవలసియుండును; దేనిని ఎంత వంచవచ్చునో వాడువారితో కలిసి నిర్ణయింపవలెను.

ఇంత శ్రద్ధతో చేసిన పంపు సాగరు దారి ప్రక్కన మర్రిగూడ ప్రాంతమున ఏమి చేసెను? ప్రమాణములన్నిటను నెగ్గినది. లోతు నుండి నీటిని ఎడతెగక తెచ్చినది. ఆ నీటిలో ఫ్లోరైడు ఉన్నది. ఆ ప్రాంతపు గ్రానైటు రాతిలో చిరకాలము నిలిచిన నీరు ఫ్లోరైడును కరగించుకొనును. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. మించిన నీటిని త్రాగిన పిల్లల పండ్లు గారపట్టినవి, పెద్దల నడుములు వంగినవి, ఎముకలు బిగిసినవి. పంపు తప్పు చేయలేదు. ఏమి నీరు తేవలెనో ప్రమాణములలో లేదు, అంతే. వ్రాయక విడిచిన ప్రమాణము ఎవరి మీద పడునో నల్లగొండ జిల్లా చూచినది.

జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ వారు పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తీయు పద్ధతిని రూపొందించిరి. నల్లగొండ పద్ధతియను పేర అది ఆఫ్రికా దేశముల వరకు పోయినది. శాస్త్రరీత్యా అది సరియైనదే. కాని ప్రతిదినము లెక్క ప్రకారము మందు కలుపువాడు కావలెను, అడుగున చేరిన మడ్డిని తీసి పారబోయువాడు కావలెను. ఆ మనిషి ఎవరను ప్రశ్నకు సమాధానము లేని ఊళ్ళలో అది నిలువలేదు. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఇట్టి ఊళ్ళకు నది నీటిని గొట్టములలో తెచ్చు మార్గమును పట్టినది.

మన సంఘములు చేయదగినది

మహిళా సంఘములు, రైతు ఉత్పత్తిదారుల సంఘములు, చేనేత సహకార సంఘములు నేడు యంత్రములు కొనుచున్నవి. కొన్ని స్వయముగా చేయించుచున్నవి. కల్లములో మిరప ఎండబెట్టు పరికరమో, చింతపండు గింజ తీయు యంత్రమో చేయించదలచిన సంఘము ముందుగా ఆ పని చేయుచున్న నలుగురి వద్ద ఒక దినమంతయు కూర్చుండుట మంచిది. ఎచ్చట నడుము పట్టును, ఎచ్చట చేయి కోసికొనును, గంటకు ఎంత పని అగును, ఎంత సరకు పాడగును అని అంకెలతో వ్రాసికొనవలెను. తేలికగా ఉండవలెనని వ్రాసినచో చేయువాడు తన భుజముతో కొలుచును. ఇద్దరు స్త్రీలు ఎత్తగలుగునట్లు 25 కిలోలకు మించరాదని వ్రాసినచో ఎవరు తూచినను ఒకటే.

తప్పనిసరివి ఏవి, ఉన్న మంచివి ఏవి అని వేరు చేయుట రెండవ పని. ఇది కలహము లేక జరుగదు, జరుగరాదు కూడ. అన్నియు తప్పనిసరి యనువాని జాబితాకు వెల ఉండదు. చెడినపుడు ఎవరు బాగుచేయుదురు, విడిభాగము ఎచ్చట దొరకును, కరెంటు పోయినపుడు ఏమి చేయవలెను అను ప్రశ్నలను మనవారు తరచుగా మరతురు; బోరింగు చరిత్ర వానిని మరువనీయరాదు. తుది పరీక్ష ప్రదర్శనశాలలో కాక, మన సరకుతో, మన వాకిట, మన మనిషి చేతితో జరుగవలెనని ఒప్పందములోనే వ్రాయించుకొనవలెను. పరీక్షలో తేలిన లోపమునకు ప్రమాణమును మార్చవలసివచ్చినచో అందరును కూర్చుండి మార్చవలెను. ఒక్క ఫోను మాటతో మార్చినచో పిదప ఎవరి తప్పో తేలదు.

తమంత తామే పనిముట్టు నొకటి కనిపెట్టినవారికి తెలంగాణ రాష్ట్ర నవకల్పన విభాగము 2019లో ఇంటింటా ఇన్నోవేటర్ అను కార్యక్రమమును ప్రారంభించి, ఆగస్టు 15న జిల్లా కేంద్రములలో వారి వస్తువుల ప్రదర్శనకు అవకాశము కల్పించెను. ఇట్టి చోట్లకు పోవువారు యంత్రముతో పాటు ఒక కాగితము కూడ తీసికొనిపోవుట మేలు. అందు యంత్రము గుణములను కాక, అది ఎవరి పని కొరకు చేయబడినదో, వారు మునుపు ఎంత సేపు, ఎంత బరువుతో ఆ పని చేసిరో, ఇప్పుడు ఎంతలో అగుచున్నదో వ్రాయవలెను. వాడి చూచినవారు చెప్పిన లోపములను కూడ దాచక చేర్చవలెను.

పోచంపల్లి ప్రాంతమున ఆసు పోయుట తేలికయైనను, పోసిన నూలుపై చిటికి కట్టుట అనేక ఇండ్లలో నేటికిని వేళ్ళతోనే జరుగుచున్నది. ఒక్కొక్క ముడి, ఒక్కొక్క బిగింపు, వేలి కొసల కాయలు. దానికేమి ప్రమాణములు వ్రాయవలెనో ఆ ఇండ్లలోని వారే చెప్పగలరు.